సర్వరుగారి సుస్తీ

సర్వరు అనే మాటకి మా చిన్నప్పుడు ఒకటే అర్థం. భుజాన తుండు, చెయ్యి పొడుగునా నాలుగు ఇడ్లీ ప్లేట్లు, వంటింట్లోకి వినబడేలా "రెండట్లూ, ఒక కాఫీ" అని కేక - అదీ సర్వరంటే. ఇప్పుడా మాట ఎక్కడికి వెళ్ళినా వినబడుతోంది గానీ మనిషే కనబడడు. ఏ కౌంటరు ముందు నిలబడ్డా "సర్వరు పడిపోయిందమ్మా, రేపు రండి" అంటారు. మా తర్లుపాడులో ఒక పెద్దావిడ ఆ మాట వరసగా మూడోరోజు కూడా విని, "పాపం, వాడికి రోజూ అదే రోగమా? ఏం రోగమో కనుక్కున్నారా, లేకపోతే ఇంకొకణ్ణి పెట్టుకోకూడదూ?" అని అడిగిందిట. లైనులో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారుట. నాకు మాత్రం అందులో నవ్వాల్సిందేమీ కనబళ్ళేదు. మూడు రోజులు ఎండలో నిలబడి ఆవిడ ఒక్కతే ఏం రోగమని అడిగింది. మిగతావాళ్ళు ఆ మాటైనా అడగలేదు.

నేను చదివింది తెలుగూ, చరిత్రా. బి.ఏ. పట్టా తీసుకున్నాక నవలలు రాసుకుంటూ బతికేస్తున్నాను. అయినా ఈ రోగం సంగతి కాస్త తెలిసిందంటే దానికి మా అన్నయ్య కూతురే కారణం. హైదరాబాదులో ఒక కంపెనీలో సర్వర్లకి నాడి చూసే ఉద్యోగం దానిది. ట్రాన్సాక్షన్ సర్వర్లంటుంది. "అవేమిటే?" అంటే ఓపిగ్గా చెప్పింది. అది చెప్పినట్టే మీకూ చెబుతాను.

తర్లుపాడు స్టేషను గుంటూరు-నంద్యాల లైనులో మార్కాపురం రోడ్డుకీ కంభానికీ మధ్య ఉంది. దూరాభారం వెళ్ళే బళ్ళు కావాలంటే మా వాళ్ళు మార్కాపురం రోడ్డుకే పోతారు. ఇప్పుడు బెంగుళూరు వెళ్ళే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో ఫలానా తేదీకి ఒకే ఒక్క బెర్తు మిగిలిందనుకోండి. దాన్ని మార్కాపురంలో ఒకాయన, గుంటూరులో ఒకావిడ సరిగ్గా ఒకే క్షణంలో అడిగారు. ఇద్దరికీ ఇచ్చేస్తే బండెక్కాక జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. పోనీ ఒకరికే ఇచ్చారు. డబ్బు తీసుకున్నాక, టిక్కెట్టు అచ్చయ్యేలోగా కరెంటు పోయింది. ఆ డబ్బు ఎవరిది? అందుకని బెర్తు పట్టి ఉంచడం, డబ్బు జమ చెయ్యడం, జాబితాలో పేరెక్కించడం - ఇవి జరిగితే అన్నీ జరగాలి, లేకపోతే ఒక్కటీ జరగనట్టే ఉండాలి. ఆ మొత్తం కలిపి ఒక ట్రాన్సాక్షన్. పెళ్ళిలాంటిదన్నమాట. సగం పెళ్ళంటూ ఎక్కడా లేదు కదా.

ఈ పని మన దేశంలో రైల్వేవారు ఎప్పుడో మొదలెట్టారు. ఢిల్లీలో 1986లో రిజర్వేషన్లు కంప్యూటరెక్కాయి. తర్వాత ముంబై, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలు వచ్చాయి గానీ ఏ కుంపటి దానిదే. వీటన్నిటినీ కలిపే కన్సర్ట్ అనే పద్ధతిని 1994లో మొట్టమొదట పెట్టింది మన సికింద్రాబాదులోనే. 1999 నాటికి అయిదు కేంద్రాలూ కలిశాయి. ఎక్కడి కౌంటరులోనైనా ఎక్కడి టిక్కెట్టయినా కొనుక్కోవచ్చు. 2002లో ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్టులో కొనే వీలొచ్చింది. ఆ ఇంటర్నెట్టు టిక్కెట్లు నిమిషానికి 2000 ఇవ్వగలిగేది. 2014లో కొత్త ఏర్పాటు తెచ్చి 7200 ఇచ్చేలా చేశారు. అయినా పొద్దున్న 10 గంటలకి తత్కాల్ తెరిచేసరికి దేశం మొత్తం ఒక్కసారి తలుపు తోస్తుంది. ఆ తోపులాట చూశాకే 2015లో ఏ.సి. తరగతుల తత్కాల్ 10కీ, మామూలు తరగతులది 11కీ విడదీశారు. సర్వరు బలం పెంచడం ఒక వైద్యమయితే, జనాన్ని విడివిడిగా రమ్మనడం రెండోది. పెళ్ళిలో రెండు బంతులు వేసినట్టే.

"అయితే అన్నీ, లేకపోతే ఏదీ వద్దు" అన్న ఈ నియమానికి శాస్త్రం కట్టినవాళ్ళలో జిమ్ గ్రే అనే అమెరికన్ పెద్ద. 1998 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు ఆయనకిచ్చారు. 2007 జనవరిలో తల్లి అస్థికలు సముద్రంలో కలపడానికి శాన్‌ఫ్రాన్సిస్కోనుంచి పడవ వేసుకుని ఒక్కడే వెళ్ళాడు. తిరిగి రాలేదు. స్నేహితులు ఉపగ్రహాల ఫొటోలు తెప్పిస్తే వేలమంది కూర్చుని వెతికారు. మనిషీ లేడు, పడవా లేదు. ఎవరి లెక్కా నడిమధ్య తప్పిపోకూడదని జన్మంతా చూసిన మనిషి! ఈ కథ మా మేనకోడలు చెబుతుంటే మా వదిన కంటతడి పెట్టుకుని, "అస్థికలు కలిపాకే పోయాడంటావా, ముందేనంటావా?" అని అడిగింది. అది ఎవరికి తెలుస్తుంది?

సరే, సర్వరు సుస్తీ సంగతి. మళ్ళీ మన ఇడ్లీ హోటలుకే రండి. హోటలు నెమ్మదిగా నడుస్తోందని యజమాని ఇంకా పదిమంది సర్వర్లని పెట్టాడు. కానీ లోపల అట్ల పెనం ఒకటే. ఏమవుతుంది? పదిమందీ పెనం చుట్టూ చేరి ఒకళ్ళ కాళ్ళు ఒకళ్ళు తొక్కుకుంటారు. ఉన్న అట్టు కూడా మాడుతుంది. కంప్యూటరు సర్వరులో కూడా ఈ పనివాళ్ళుంటారు, వాళ్ళని థ్రెడ్లంటారు. లోపలి పెనం డేటాబేసు. నెమ్మదిగా ఉంది అనగానే థ్రెడ్లు పెంచడం తెలియనివాళ్ళు చేసే పనిట. ఎన్ని కావాలో లెక్కుంది. నిమిషానికి నలుగురొచ్చి, ఒక్కొక్కరు పావుగంట కూర్చునే హోటలుకి ఏ సమయంలో చూసినా సగటున అరవైమంది లోపలుంటారు. చిన్న గుణకారమే. దీన్ని 1961లో జాన్ లిటిల్ అనే ఆయన రుజువు చేసి పెట్టాడు. అంటే కుర్చీలు పెంచడం కన్నా ఆ పావుగంటని పదినిమిషాలు చెయ్యగలిగితే నలభై కుర్చీలతో సరిపోతుంది. ఎక్కడ ఆలస్యమవుతోందో ముందు చూడాలి. ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి. ఉప్పూ, కారం, పులుపూ ఒక్కసారే వేసి చారు రుచి మారిందంటే ఏది చేసిన పనో ఎవరు చెప్పగలరు?

సగటుని కూడా నమ్మకూడదుట. ఇరవైమందిలో పంతొమ్మిదిమందికి అరసెకనులో పనైపోయి, ఒక్కరు ముప్ఫై సెకన్లు నిలబడితే సగటు రెండు సెకన్లొస్తుంది. కాగితం మీద చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ ముప్ఫై సెకన్ల మనిషి గురించి కాగితంలో ఏమీ ఉండదు. నాకైతే ఇది కంప్యూటర్ల సంగతిలా వినబళ్ళేదు. ఉమ్మడి కుటుంబాల్లో "మా ఇంట్లో అందరం సుఖంగా ఉన్నాం" అనే మాట గుర్తొచ్చింది.

ఈమధ్య ఒక సంక్రాంతికి అది తర్లుపాడు వచ్చింది. కంప్యూటరు కూడా తెచ్చుకుంది. భోగినాటి రాత్రి తొమ్మిదిన్నరకి అరిసెల పాకం మీదుండగా ఫోను మోగింది. డబ్బు బదిలీలు చేసే ఎవరిదో సర్వరు. వారం రోజులుగా రోజూ రాత్రి అదే వేళకి బిగుసుకుపోతోంది. చచ్చిపోవడం కాదు. కళ్ళు తెరుచుకునే ఉంటుంది, పిలిస్తే పలకదు. యంత్రం మెదడుకి పనేమీ ఉండదు, హాయిగా ఖాళీగా ఉంటుంది. బయట మాత్రం జనం గోల. అంతకుముందు ఎవరో థ్రెడ్లు 50 నుంచి 200కి పెంచారుట. దాంతో మరికాస్త ముందే బిగుసుకుంటోంది.

ఫోనులో అవతలి పెద్దమనిషి గొంతు నాకూ వినబడుతోంది. "రీస్టార్ట్ చేసెయ్యమ్మా, చేస్తే లేచి కూర్చుంటుంది, రోజూ అంతేగా!"

"సార్, నాకు మూడు నిమిషాలివ్వండి."

"అక్కడ కస్టమర్లు ఆగిపోయారు."

"ఆగారు సార్. ఇప్పుడు లేపేస్తే రేపు కూడా ఆగుతారు. మూడే నిమిషాలు."

ఇరవై ఆరేళ్ళ పిల్ల, నెత్తిన అమ్మ చుట్టిన తువ్వాలు, చేతికి బెల్లం పాకం. గొంతు పెంచలేదు, వణకలేదు. ఆ మూడు నిమిషాల్లో ఏం చేసిందో తర్వాత చెప్పింది. లోపలున్న ప్రతి పనివాడూ ఆ క్షణాన ఏ మెట్టు మీద ఆగి ఉన్నాడో చూపే పట్టీ - థ్రెడ్ డంపు అంటారు - తీసింది. పదిసెకన్లు ఆగి ఇంకొకటి, మరో పదిసెకన్లాగి మూడోది. ఒక్కటే తీస్తే అది ఫొటో. మనిషి నడుస్తున్నాడో నిలబడిపోయాడో ఫొటోలో తెలియదు. మూడింటిలోనూ అక్కడే ఉంటే ఇరుక్కున్నట్టు. తర్వాత డేటాబేసు వైపునుంచి ఎవరెవరు తలుపు పట్టుకుని ఉన్నారో జాబితా. యంత్రం మెదడు, జ్ఞాపకం, డిస్కు, నెట్‌వర్కు అప్పుడెలా ఉన్నాయో ఆ అంకెలు. ఇవన్నీ దాచుకుని, అప్పుడు లేపింది. లేచి కూర్చుంది సర్వరు, ఏమీ ఎరగనట్టు.

"ముందే లేపితే ఏం పోయేదే?" అన్నాను.

"అత్తా, నువ్వు మార్కాపురం పలక మీదే కదా అక్షరాలు దిద్దావు? లెక్క తప్పిందనుకో. పలక తుడిచేసి టీచరు దగ్గరికెళ్ళి తప్పెక్కడుందో చూపించమంటే ఆవిడేం చూపిస్తుంది? రీస్టార్టంటే పలక తుడవడం. రోగమూ పోతుంది, దాని ఆనవాలూ పోతుంది. రేపు రోగం ఒక్కటే తిరిగొస్తుంది."

మా ప్రాంతమంతా పలకల రాయి. మార్కాపురం పలక అంటే దేశమంతా ఎరుగును. ఇన్నేళ్ళలో ఆ పలకని ఇలా వాడినవాళ్ళని మాత్రం చూళ్ళేదు నేను.

ఆ రాత్రి పన్నెండుదాకా అది ఉత్తరం రాస్తూ కూచుంది. ఆ సర్వరు సాఫ్టువేరు అమ్మిన కంపెనీవాళ్ళకి. వాళ్ళని వెండారంటారు. నేను ఉత్తరాలు రాసి బతికేదాన్ని కాకపోయినా, రాత పని తెలిసినదాన్ని కదా, పక్కన కూర్చుని చదివాను. ముచ్చటేసింది. "మీ సర్వరు బాగాలేదు, వెంటనే చూడగలరు" అని లేదు. ఏ వెర్షను, ఏ తేదీనుంచి, ఏ వేళకి, ఎంతసేపు. అంతకుముందు ఏం మార్చారు, ఎవరూ ఏమీ మార్చలేదంటే అది కూడా. తప్పు చూపించిన మాట అక్షరం పొల్లుపోకుండా. ఏం జరగాలనుకున్నారు, ఏం జరిగింది. మళ్ళీ తెప్పించగలరా, దానంతటదే వస్తుందా. అనుమానాలు వేరే, చూసినవి వేరే - రెండూ కలపకూడదుట. నా నవలల మీద ఉత్తరాలు రాసే కొందరు పాఠకులు ఈ పద్ధతి నేర్చుకుంటే బాగుండును.

జతచేసిన లాగుల్లో ఖాతాదార్ల పేర్లూ, నెంబర్లూ, సంకేతపదాలూ ఉంటే చెరిపి పంపాలి. వైద్యుడికి మన రోగం చెబుతాం గానీ ఇంటిల్లిపాది గుట్టూ చెప్పం గదా. రెండు యంత్రాల గడియారాలు ఒక్కలా ఉన్నాయో లేదో కూడా చూసింది. ఒకటి నాలుగు నిమిషాలు వెనకుంటే ఏది ముందు జరిగిందో ఏది తర్వాతో తలకిందులవుతుందిట. లాగంటే మరేం కాదు, సర్వరు రాసుకునే రోజువారీ చిట్టా. "లాగు సరిగ్గా ఉందో లేదో చూడాలి, లాగు పెద్దదైపోయింది, లాగు చింపి ముక్కలు చెయ్యాలి" అని ఫోనులో అంటుంటే మా వదిన గుమ్మంలోంచి, "ఆడపిల్లవి, అర్ధరాత్రి ఎవడి లాగు గురించే ఆ మాటలు!" అని కేకలేసింది.

వెండారు జవాబు నాలుగు రోజులకొచ్చింది. ముందు మరో రెండు లాగులు పంపమన్నారు, పంపింది. ఆ తర్వాత తేలిన సంగతి వింటే మీరు చటుక్కున అర్థం చేసుకుంటారు, మగవాళ్ళకి కాస్త టైము పడుతుందేమో. సర్వరు దగ్గర డేటాబేసుకి వెళ్ళే దారులు 40 ఉన్నాయి, కనెక్షన్లంటారు. పనివాడు ఒకటి అరువు తీసుకోవాలి, పని కాగానే తిరిగి పెట్టెయ్యాలి. ఇరుగుపొరుగు గిన్నెల్లాగా. అయితే ఏదైనా పని మరీ ఆలస్యమై గడువు దాటిపోతే, సర్వరు ఆ పనిని మధ్యలో ఆపేస్తుంది. బెర్తు సంగతిలాగా, ఏమీ జరగనట్టు వెనక్కి తిప్పేస్తుంది. అంతవరకు బాగానే ఉంది. ఆ ఒక్క సందర్భంలో మాత్రం గిన్నె తిరిగివ్వడం మరిచిపోతోంది. ఒకటి పోయింది, రెండు పోయాయి. రాత్రయ్యేసరికి నలభై గిన్నెలూ ఎవరివో వసారాల్లో ఖాళీగా పడున్నాయి, ఇక్కడ 200 మంది గిన్నెకోసం నిలబడి ఉన్నారు. మెదడు ఖాళీగా ఉండక ఏం చేస్తుంది? లేపగానే కొత్తగా నలభై గిన్నెలొస్తాయి గనక రోజల్లా సుఖం. థ్రెడ్లు పెంచేసరికి డేటాబేసు మీద తోపులాట పెరిగి, ఎక్కువ పనులు గడువు దాటి, ఇంకా తొందరగా గిన్నెలు మాయమయ్యాయి. తప్పు వెండారు రాసిన సాఫ్టువేరులోనే ఉంది. దిద్ది ప్యాచ్ పంపించారు. పిల్ల థ్రెడ్లని మళ్ళీ 50కి తగ్గించి, ఆలస్యం చేస్తున్న ఒక్క ప్రశ్నని వెతికి పట్టుకుని సరిచేయించింది. ఆ రాత్రి తర్వాత తొమ్మిదిన్నరకి ఫోను మోగలేదు.

ఇంతకీ భోగి మర్నాడు పొద్దున్న సంగతి చెప్పాలి. మా వదిన ముగ్గేస్తూ వేస్తూ అలా పక్కకి ఒరిగిపోయింది. నాలుగైదు సెకన్లు. లేచి, "ఏం లేదులే, పొద్దున్నే కాఫీ తాగలా" అని ముగ్గు పూర్తిచేసింది. ఇది ఏడాదిగా ఉన్నదేనని అప్పుడు బయటపడింది. అలా అయినప్పుడల్లా పక్క ఆసుపత్రికి వెళ్ళి ఒక సెలైను సీసా ఎక్కించుకుని వచ్చేస్తోంది. రెండుసార్లు ఇ.సి.జి. తీసి బాగానే ఉందన్నారుట. బాగానే ఉంటుంది మరి, ఈవిడ అక్కడికి చేరేసరికి అంతా సర్దుకుంటుంది గదా.

మా మేనకోడలు రాత్రంతా నిద్ర లేని కళ్ళతో వాళ్ళమ్మ ముందు చతికిలబడింది.

"ఎప్పుడమ్మా ఇది మొదలైంది?"

"ఏమోనే, ఎప్పుడన్నా ఒకసారి."

"ఒకసారంటే? కిందటిసారి ఎప్పుడు? ఏం చేస్తున్నావు? నిలబడున్నావా, కూర్చున్నావా?"

"నన్నిట్లా పోలీసువాళ్ళలాగా అడక్కు. సీసా ఎక్కించుకుంటే తగ్గుతుందిలే."

"సీసా ఎక్కించుకోవడం రీస్టార్టమ్మా," అంది అది, గొంతు కొంచెం వణికింది. రాత్రి ఆ పెద్దమనిషితో మాట్లాడినప్పుడు వణకని గొంతు.

ఒక నోటుబుక్కు కొనిచ్చింది. తేదీ, వేళ, అప్పుడు చేస్తున్న పని, ముందు ఏమైనా తెలిసిందా, ఎన్ని సెకన్లు, అంతకుముందు వేసుకున్న మాత్రలు. వదిన గొణిగింది గానీ రాసింది. ఎందుకు రాసిందో నాకు తెలుసు - కూతురు రోజూ రాత్రి ఫోను చేసి చదివించుకునేది. నెలన్నరలో ఆరుసార్లు. మూడుసార్లు కూర్చునుండగానే. ఎండలో కాదు, ఆకలితో కాదు. ముందు ఏ సూచనా లేదు. గుంటూరులో గుండె వైద్యుడు ఆ పుస్తకం రెండు పేజీలు చదివి కళ్ళజోడు తీసి, "ఇది ఎవరు రాయించారమ్మా?" అని అడిగాడు. హోల్టర్ అని ఒక చిన్న పెట్టె ఛాతీకి తగిలించారు. గుండె చప్పుడు మొత్తం రాసుకుంటూ పోతుందది. మొదటి 24 గంటల్లో ఏమీ పడలేదు. వదిన "చెప్పానుగా" అంది. వైద్యుడు ఊరుకోకుండా వారం రోజులుండేది పెట్టాడు. నాలుగో రోజు సాయంత్రం, టి.వి. ముందు కూర్చునుండగా, గుండె అయిదు సెకన్లు ఆగినట్టు అందులో పడింది.

అయిదు సెకన్లు. వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది.

పేస్‌మేకర్ పెట్టారు. భుజం కింద చర్మంలో చిన్న జేబులా చేసి, అగ్గిపెట్టె కన్నా చిన్న యంత్రం అందులో ఉంచి కుట్టేశారు. మూడోనాటికి వదిన నడుస్తోంది. డిశ్చార్జి చేసే ముందు వైద్యుడు చెప్పాడు - గుండె ఎప్పుడు నెమ్మదించినా ఈ యంత్రం ఊతమిస్తుంది, ఎప్పుడెప్పుడు ఊతమివ్వాల్సి వచ్చిందో కూడా లోపల రాసి పెట్టుకుంటుంది, చూపించుకోవడానికి వచ్చినప్పుడు మేమది చదువుతాం అని.

"దాన్నేమంటారే?" అని వదిన కూతుర్ని అడిగింది.

"లాగంటారమ్మా."

వదిన కాసేపు పైకప్పు కేసి చూసింది. "అయితే నాకూ ఒక లాగు కుట్టారన్నమాట," అని, కుట్లు నొప్పెడుతున్నా నవ్వు ఆపుకోలేక, మమ్మల్ని బయటికి పొమ్మంది.